కప్పతల్లికి కట్టిన బీడీ దారం

మా పాప బల్ల మీద పరిచిన చార్టు నుంచి జిగురు వాసన వస్తోంది. ఎడమవైపు ఆస్ట్రేలియా చెట్ల మీద బతికే కోలా, కుడివైపు అదే దేశపు పసుపు నలుపు చారల కప్ప. రెండూ తరిగిపోతున్న ప్రాణులే, పోలికలూ తేడాలూ రాసుకురమ్మని బడిలో చెప్పారట. కోలా తల్లి పిల్లను పొట్టసంచిలో దాచుకుని మోస్తుంది. నాచులో పెట్టిన ఈ కప్ప గుడ్లు మాత్రం వాన నీళ్లు వస్తేనే పిల్లలవుతాయి.

వాన కోసం ఎదురుచూడటం మా బాన్సువాడ వాళ్లకు ఒకరు నేర్పాలా! నిజాంసాగర్ కాలువకు నీళ్లొదిలిన ఏడాది ఊరంతా నారుమళ్ల వాసన, బోదురుకప్పల గోలలో మా అవ్వ పిలుపు కూడా వినిపించేది కాదు. కాలువ ఎండిన ఏడాది వాన రావాలని పిల్లలం కప్పతల్లి ఆడేవాళ్లం. రోకలికి వేపమండలు చుట్టి, తడిగుడ్డలో కప్పను మూటగట్టి, ఇద్దరం చెరో కొస భుజాన పెట్టుకుని ఇంటింటికీ తిరిగితే, ఆడవాళ్లు బిందెలతో నీళ్లు కుమ్మరించి దోసెడు శనగలు పోసేవారు. వాటిని ఉడకబెట్టి అవ్వ గుడాలు చేసి పెట్టేది.

నా తొమ్మిదో ఏట మూటగట్టే పని నాకొచ్చింది. అవ్వ బీడీలు చుట్టే చాటలోంచి దారం తెచ్చి, జారిపోకూడదని ముడి మీద ముడి వేశాను.

"మెల్లగ కట్టు బిడ్డా, అది గూడ పానమే. ఆట అయినంక కాలువ కాడ ఇడిచిపెట్టి రా" అంది అవ్వ, ఆకు చుడుతూనే.

మూడో వీధి దాటకముందే వాన దంచికొట్టింది. రోకలిని మూటతో సహా మా గోడకు ఆనించి, ఒళ్లు తెలియకుండా ఎగిరాం, వేడి గుడాలు తిన్నాం. కప్ప సంగతి మర్నాడు పొద్దునకు గానీ గుర్తురాలేదు. నా ముడి నాకే ఊడలేదు. అవ్వ కత్తెరతో దారం కోసింది. కప్ప కదల్లేదు.

"వాన తెచ్చినదాన్నే మర్సినం గద" అంది అవ్వ, అంతే. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు అవ్వ లేదు, కప్పతల్లి ఆడే పిల్లలూ లేరు. పొలాల్లో మందులు పెరిగాక ఆ కప్పల గోల సన్నగిల్లి, ఎప్పుడు ఆగిపోయిందో కూడా నేను గమనించలేదు. బయట పొద్దుటి నుంచి ముసురు. చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మా, నువ్వెప్పుడన్న కప్పను పట్టుకున్నవా?" అంది పాప.

"పట్టుకున్న."

"మల్ల ఇడిచిపెట్టినవా?"

దాని పెన్సిల్ ఆగింది. అబద్ధం నోటిదాకా వచ్చింది.

"లేదు బిడ్డా. మర్సిన."