మా అక్క చెరిగిన బియ్యం

మా బావ యోహాను నోట్లో నాలుక లేని మనిషి. నా సంగతి వేరే చెప్పక్కర్లేదు. సర్కారీ ఆసుపత్రిలో ఏళ్లతరబడి నర్సు ఉద్యోగం చేసినదాన్ని, వార్డుబాయిల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా నా నోటికి జడిసినవాళ్లే. "దేవుడు నాలుకలు పంచేటప్పుడు ఆయన వాటా కూడా నువ్వే లాగేసుకున్నావే ప్రమీలా" అని మా అక్క మరియమ్మ నవ్వేది. "మరదలు మాట్లాడుతుంటే నాకు పని తప్పింది" అని బావ కూడా నవ్వేవాడు. వాళ్లకు పిల్లల్లేరు. అయినా ఆ ఇంట్లో అప్పట్లో నవ్వులకు కొదవ లేదు.

బావది తెనాలి దగ్గర పల్లె. రాయ్‌పూర్‌లో రైల్వేవాళ్లు వ్యాగన్ షాపు పెట్టిన కొత్తల్లో ఫిట్టరుగా చేరాడు. ఆయన వెనక అక్క, అక్క వెనక నేను వచ్చిపడ్డాం. కోస్తా జిల్లాల నుంచి అలా వచ్చిన క్రైస్తవ కుటుంబాలు కలిసి కాలనీ చివర రేకుల షెడ్డులో తెలుగు సంఘం పెట్టుకున్నాయి. షెడ్డు ఉంది, జనం ఉన్నారు, పాస్టరు అయ్యగారు మాత్రం లేరు. హిందీ చర్చి అయ్యగారు నెలకోసారి వచ్చి ప్రభువు బల్ల ఇచ్చి వెళ్లేవారు. రొట్టె విరిచి, ద్రాక్షరసంతో అందరికీ అందించే ఆ ఒక్క పని అభిషేకం పొందిన పాస్టరే చేయాలి. మిగతా చాకిరీ అంతా బావ నెత్తిన పడింది. ఆదివారం ప్రసంగం బావే, రోగుల దగ్గర ప్రార్థన బావే, చచ్చినవాళ్లకు పెట్టె కొట్టి సమాధుల దొడ్డికి మోసుకెళ్లేదీ బావే. గోళ్లలో గ్రీజుతోనే బైబిలు పేజీలు తిప్పేవాడు. ఎవరూ ఆయనకు ఇది చాలా ఎక్కువ అనలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు.

సంఘానికి మొదటి పెద్ద పాపయ్య గారు. ఒక ఎండాకాలం ఆయన మంచాన పడ్డారు. ఇక లేవరని తెలిసిపోయాక, "నాకు బల్ల ఇప్పించు యోహానూ" అని బావని అడిగారు. అయ్యగారేమో అభన్‌పూర్‌లో కూటాలకు వెళ్లి ఉన్నారు. బావ డ్యూటీ మానేసి, సైకిలెక్కి, ధమ్తరీ రోడ్డు పట్టుకుని ఆ ఎండలో వెళ్లాడు. అయ్యగారిని వెతికి బస్సెక్కించి, తాను మళ్లీ సైకిలు తొక్కుకుంటూ వచ్చేసరికి పాపయ్య గారి కాలి బొటనవేళ్లు కట్టేశారు. బస్సు కూడా ఆలస్యమే. పాపయ్య గారి భార్య బంగారమ్మ ఏడుస్తూనే అడిగింది.

"నువ్వు పక్కనే ఉన్నావుగా నాయనా. నువ్వే ఒక ముక్క విరిచి పెడితే దేవుడు వద్దనేవాడా?"

"నాకు అధికారం లేదమ్మా" అన్నాడు బావ.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "ఇంకొకళ్లు ఇట్లా పోగూడదు మరియా. ఆ అధికారమేదో నేను తెచ్చుకుంటా" అన్నాడు అక్కతో. ఆయన తనకంటూ ఒకటి కావాలనడం నేను అప్పుడే విన్నాను.

షాపు నుంచి వచ్చి, స్నానం చేసి, గడప మీద కూర్చుని చదివేవాడు. పోస్టులో వచ్చే వేదాంత పరీక్షలు ఒక్కొక్కటే రాసి గట్టెక్కాడు. ఎనభై మూడులో, మాలాంటి సంఘాలన్నిటి మీదా ఉండే పై సభవాళ్లు ఎట్టకేలకు కబురు చెప్పారు. సంఘం ఎన్నుకుంటే అభిషేకం ఇస్తారు, కానీ నలభై ఐదేళ్లు నిండకముందే జరగాలి. బావకు అవి నిండడానికి ఎంతో దూరం లేదు. ఈసారి తప్పితే ఇక ఈ జన్మకు లేనట్టే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మాకు పూజారులు లేరు, ఆ లోటు తీర్చడానికి సంఘ పెద్దలున్నారు.

పాపయ్య గారి తర్వాత పెద్దరికం గురునాథానిది. గారు అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, ఏమనుకున్నా సరే. రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు, దేవేంద్ర నగర్‌లో సొంత ఇల్లు. చెడ్డవాడని చెప్పను. షెడ్డుకు ఫ్యాన్లు పెట్టించింది ఆయనే. కానీ గ్రీజు చేతుల మనిషిని అయ్యగారూ అని పిలవాలంటే ఆయనకు గొంతు పెగలదు.

"మన పిల్లల పెళ్లిళ్లకి బయటివాళ్లొస్తారు కదమ్మా. పాస్టరంటే కాస్త ఉండాల" అన్నాడు నాతోనే ఒకసారి.

"ఏముండాలి?" అన్నాను.

"అదే" అన్నాడు.

ఆ అదేదో ఉన్న కుర్రాణ్ణి గుడివాడ నుంచి రప్పించాడు. పేరు చిన్నారావు. డిగ్రీ ఉంది, మల్లెపువ్వులాంటి తెల్ల అంగీ ఉంది, మంచి గొంతు ఉంది. గురునాథం భార్య తరఫు చుట్టరికం కూడా ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా పరవాలేదు కదా.

మా సంఘంలో ఎన్నిక ఎలా జరిగేదో ఇక్కడ చెప్పాలి. మావాళ్ల ఇళ్లలో పిడికెడు బియ్యం అని ఒక అలవాటు ఉంది. పూటకింత వండుకునే బియ్యంలోంచి ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి సంచిలో వేసి, ఆదివారం ఆ సంచి గుడికి తెస్తారు. అది దేవుని భాగం. సంఘం మొదలైన కొత్తల్లో ఏదో విషయానికి చేతులెత్తి ఓటు వేయమంటే, మగవాళ్లు ఎవరి చెయ్యి లేచిందో చూసుకుని తర్వాత పలకరింపులు మానేశారట. అప్పుడు పాపయ్య గారు ఒక పద్ధతి పెట్టారు. దుప్పటి అడ్డం కట్టి, దాని వెనక రెండు పెద్ద కుండలు పెడతారు. ఇంటికొక ఆడమనిషి ఆ వారం సంచి పట్టుకుని లోపలికెళ్లి తనకు నచ్చినవాళ్ల కుండలో పోసి వస్తుంది. చివర్లో కొలిస్తే ఏ కుండ ఎక్కువైతే ఆ మనిషి గెలిచినట్టు. బియ్యానికి పేరూ ఊరూ ఉండదు, ఎవరు ఎటు పోశారో తెలియదని ఆయన అనుకున్నారు పాపం.

తెలియకపోవడమేం. వ్యాగన్ షాపు ఖలాసీలు, ఆసుపత్రి ఆయాలు, ఊడ్చేవాళ్లు తినేది కంట్రోలు బియ్యం. లావుగా, మాసిన రంగులో, రాయీ నూకా కలిసి ఉంటుంది. గుమాస్తాలు తినేది తిల్దా మిల్లుల నుంచి బస్తాలకు తెప్పించుకునే సన్నబియ్యం. కుండలో ఒకసారి తొంగి చూస్తే ఏ వీధి ఎటు మొగ్గిందో గుడ్డివాడైనా చెబుతాడు.

ఆ ఆదివారం ఆరాధన కాగానే పోయడం మొదలుపెట్టారు. హిందీ అయ్యగారు సాక్షిగా కుర్చీలో కూర్చున్నారు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు దుప్పటి వెనక్కి వెళ్లి వస్తున్నారు. బంగారమ్మ కర్ర పొడుచుకుంటూ వెళ్లి, పోసి వచ్చి, బావ వంక చూసి తలూపింది. అందరూ అయ్యాక దుప్పటి తీశారు. బావ కుండ లావు బియ్యంతో అంచుదాకా నిండి ఉంది. చిన్నారావు కుండ అంతకు నాలుగు వేళ్లు కిందనే ఆగిపోయింది. మా వరసలో ఖలాసీల పెళ్లాలు "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. బావ తల వంచుకున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు ఈ మనిషికి అడిగింది దొరికిందనుకున్నాను.

గురునాథం బావ కుండలో చెయ్యి పెట్టి గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో పరిచాడు.

"అరే, ఇందులో సగం రాళ్లూ నూకలే ఉన్నాయి. దేవుని మందిరంలో రాళ్లు కూడా ఓటేస్తాయా? జరా చెరిగి కొలుద్దాం. రెండు కుండలూ చెరుగుదాం. పక్షపాతం అనే మాట వద్దు."

వెనక వరసల్లో కొందరు నవ్వారు. నేను లేచాను.

"కంట్రోలు షాపులో రాళ్లు కలిస్తే మావాళ్లేం చేస్తారండీ? ఇన్నేళ్లూ ఆ రాళ్లతోనే దేవుని భాగం తీసుకున్నారుగా. అప్పుడు అడగలేదే?"

"అప్పుడూ చెరిగే వండాం కదా సిస్టర్" అన్నాడు.

అదీ నిజమే. గుడి బియ్యం ప్రతివారం చెరిగేది మా అక్కే. చేట పట్టుకుంటే ఆమెను మించినవాళ్లు ఆ కాలనీలో లేరు. గురునాథం కూడా అదే అందుకున్నాడు.

"మరియమ్మా, నువ్వే చెరుగు తల్లీ. నీ చెయ్యి మీద ఎవరికీ అనుమానం రాదు."

ఎంత తెలివి చూడండి. అక్క కదల్లేదు. బావ వంక చూసింది. లేవొద్దని నేను దాని కొంగు పట్టుకుని లాగాను. అప్పుడు లేచాడు మా మహానుభావుడు.

"కూర్చో ప్రమీలా. మనం దాచుకునేదేముంది? మరియా, చెరుగు. బాగా చెరుగు. రేపు ఎవరూ మాటనకూడదు."

నిజాయితీకి కూడా వేళాపాళా ఉండాలి. ఆయనకు అది తెలియదు.

అక్క మొదట చిన్నారావు కుండలో సన్నబియ్యం చెరిగింది. నాలుగు పొట్టు పరకలు తప్ప ఏమీ రాలలేదు. మిల్లులో ఒకసారి శుభ్రమైన బియ్యానికి ఇంకేం పోతుంది? తర్వాత బావ కుండ. చేట లేచినప్పుడల్లా తౌడూ నూకా ముందుకు దూకి నేల మీద పడుతున్నాయి. మూలకు చేరిన రాళ్లను వేలితో ఏరి పక్కకు వేస్తోంది. కాస్త వదిలేయవే, చూసీ చూడనట్టు పోనీయవే అని నేను లోపల్లోపల కొట్టుకుంటున్నాను. మా అక్క చేతులకు మొహమాటం తెలియదు. పైగా మొగుడు బాగా చెరగమన్నాడు. నూకల కుప్ప పెరుగుతున్నకొద్దీ బంగారమ్మ దానివంకే చూస్తూ కూర్చుంది.

"అయ్యో, అదంతా మేం పోసిందేగా" అంది చివరికి.

సోల డబ్బాతో కొలిచారు. బావ కుండ సోలెడు తక్కువొచ్చింది. "ప్రభు కీ మర్జీ" అని అయ్యగారు సంతకం పెట్టేశారు. పైవాళ్ల దగ్గరకు వెళ్లి చెప్పుకుందామన్నా ఏం చెప్పుకోవాలి? రెండు కుండలూ చెరిగారు, అందరి ముందూ కొలిచారు, చెరిగింది ఓడినవాడి భార్య. అంతా న్యాయంగానే జరిగింది. ఆ న్యాయం తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

బావ అందరికంటే ముందు వెళ్లి చిన్నారావు చెయ్యి పట్టుకుని "వందనాలు అయ్యగారూ" అన్నాడు. గురునాథానికి కూడా నవ్వుతూ వందనాలు చెప్పాడు. అప్పటిదాకా అక్కావాళ్లింట్లోనే ఉన్నదాన్ని, ఆ నెలలోనే ఆసుపత్రి క్వార్టరు వస్తే అక్కడికి మారిపోయాను. సెలవు దొరికిన ఆదివారాలు మాత్రం వాళ్లింటికి వెళ్లేదాన్ని. చిన్నారావు రెండేళ్లు తిరక్కుండానే బెజవాడలో పెద్ద చర్చి దొరికిందని వెళ్లిపోయాడు. గురునాథం సిగ్గులేకుండా బావ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"జరా కొన్నాళ్లు నువ్వే నడిపించు యోహానూ. ఇంకొకర్ని చూసేదాకా."

బావ చొక్కా తొడుక్కుని బైబిలు చంకలో పెట్టుకున్నాడు. నేను అడ్డం పడ్డాను. "దేవుని పని మరదలా, మనుషులది కాదు" అని వెళ్లిపోయాడు. మళ్లీ ప్రసంగం బావే, ప్రార్థన బావే, పెట్టె కొట్టేదీ బావే. బల్ల ఇచ్చే అధికారం పొందే వయసు మాత్రం దాటిపోయింది. ఇంకొకరు రానేలేదు. బంగారమ్మ పోయినప్పుడు కూడా హిందీ అయ్యగారు ఊళ్లో లేరు. ఆమె కూడా బల్ల అడిగే పోయింది. మాట ఇంకా తగ్గిపోయిందేమిటి బావా అని నేనోసారి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అసలే మాట తక్కువ మనిషి, అందులో ఇంకాస్త తగ్గితే ఎవరు పట్టించుకుంటారు?

తొంభై ఆరు వానాకాలంలో గుండెపోటుతో పోయాడు. సమాధుల దొడ్డిలో గురునాథం బావురుమన్నాడు. "ఆ ఎన్నిక తర్వాత కూడా నన్ను ఒక్క మాట అనలేదు. క్షమించడం అంటే యోహాను దగ్గర నేర్చుకోవాల" అన్నాడు. జనమంతా అవునవునన్నారు. మధ్యాహ్నానికి అందరూ వెళ్లిపోయాక నేనూ అక్కా మిగిలాం.

"విన్నావా అక్కా? బావకి ఎవరి మీదా కోపం లేదని ఊరంతా అంటోంది" అన్నాను, దాని మనసు తేలికపడుతుందని.

"అవునే. అందర్నీ క్షమించాడు. నన్ను తప్ప" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ ఎన్నిక రోజు నుంచి బావ దానితో మాట్లాడలేదు. తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. కావలసింది సైగతో చూపించేవాడు, వడ్డించింది తిని లేచేవాడు. నేను వెళ్లినప్పుడు నాతో మాట్లాడేవాడు, నాకేమీ తెలియలేదు. అన్నంలో పంటికింద రాయి పడినప్పుడు మాత్రం దాన్ని తీసి కంచం అంచున పెట్టి ఒక్క మాట అనేవాడట. "ఆ రోజు ఒక్కటి కూడా వదల్లేదుగా మరియా. ఇదెట్లా వదిలావు?"

నాకు ఒళ్లు మండిపోయింది. మట్టిచేసి పూట కూడా గడవలేదని చూడకుండా బావని నోటికొచ్చినట్టు తిట్టాను. అందరూ పరిశుద్ధుడన్న మనిషికి ఇంట్లో ఇంత విషం ఎక్కడిదో నాకు తెలియదు.

"చెరగమంది ఆయనేగా. నా ఎదురుగా, బాగా చెరగమన్నాడుగా" అన్నాను.

"అన్నాడు. ఆయన అన్నాడని నేను చెరిగా. నేను చెరగనని ఆయన అనుకున్నాడేమో."

"ఇన్నేళ్లు ఆ ఒక్క మాటా ఎట్లా పడ్డావే?"

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"మొదట్లో ఆ మాట పడలేక, కళ్లు కాయలు కాచేలా ఏరి ఏరి వండేదాన్ని. రాయి తగిలేది కాదు. ఇంట్లో మాటే ఉండేది కాదు, వారాలకు వారాలు. తర్వాత్తర్వాత నేనే ఒక రాయి వేసి వండేదాన్ని ప్రమీలా. ఆ మాటైనా అంటాడని."