రెండు గజాల స్టెతస్కోపు

డాక్టరుగా నేను వెలగబెట్టిన ఘనకార్యాలు చాలానే ఉన్నాయి గానీ, అనంతపురంలో ఓ రోగి ముందు నా పరువు నిలువునా తీసిన ఈ పని ముందు అవన్నీ దిగదుడుపే. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఎనభైల చివరి మాట. ఎయిడ్స్ రోగులను ఎలా చూడాలో డాక్టర్లకు నేర్పడానికి మా ఆసుపత్రికి ఓ కంప్యూటర్ వచ్చింది. దానికేమో చల్లటి గది, మాకేమో తిరగని ఫ్యాను. తెర మీద ప్రశ్న వస్తుంది, మనం మీట నొక్కాలి. ముట్టుకుంటే అంటుకుంటుందా? అంటుకోదని నొక్కాను. దగ్గర కూర్చుని పరీక్షించవచ్చా? నిక్షేపంగా అని నొక్కాను. నూటికి నూరు వచ్చాయి. వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదంటే నమ్మండి.

ఆ వారంలోనే ధర్మవరం నుంచి వెంకటేశు వచ్చాడు. పట్టుచీరలు నేసే మనిషి. రక్తపరీక్షలో ఈ జబ్బే తేలింది, పైగా విడవని దగ్గు.

“రెండు ఆసుపత్రుల్లో వాకిట్లోనే నిలబెట్టి పంపించినారు సార్. ఈడా చూడకపోతే ఇంక యాడికీ పోను. ఇంటికి పోయి పండుకుంటా,” అన్నాడు.

“ఎందుకు చూడనయ్యా, పరీక్షలో నూటికి నూరు వచ్చినవాణ్ణి,” అన్నాను.

అన్నానే గానీ కాలు ముందుకు పడితేగా! భయం, పచ్చి భయం. అప్పుడు నా దిక్కుమాలిన బుర్రకు ఓ ఉపాయం తట్టింది. పక్కగదిలో ఉన్న రెండు గజాల రబ్బరు గొట్టం తెచ్చి స్టెతస్కోపుకు అతికించాను. దాని బిళ్లను వెంకటేశు ముందున్న బల్ల మీద పెట్టి, నేను వెళ్లి గోడకు ఆనుకున్నాను.

నర్సు మరియమ్మ గొట్టాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. “ఏం సార్, చేనుకు నీళ్లు కడతాండారా?”

“కొత్త పద్ధతిలే. వెంకటేశూ, ఆ బిళ్ల ఎదమీద పెట్టుకో.”

పెట్టుకున్నాడు.

“కొంచెం పక్కకు. ఇంకాస్త కిందికి. గట్టిగా ఊపిరి పీల్చు.”

పాపం, చెప్పినట్టల్లా చేశాడు. నాకు మాత్రం చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు.

“ఏమీ వినపడటం లేదే,” అన్నాను, తప్పంతా అతనిదే అయినట్టు.

వెంకటేశు గొట్టాన్ని చూశాడు, నన్ను చూశాడు. “గుండె ఉండాది సార్. మీరు రోంత దగ్గరికి రాండి, వినపడుతుంది,” అన్నాడు నెమ్మదిగా.

సిగ్గుతో చచ్చిపోయాను. మరియమ్మ కత్తెర తెచ్చి, నేను కలిపిన గొట్టం కత్తిరించేసి, స్టెతస్కోపును మళ్లీ మామూలుగా అతికించింది. నేను వెళ్లి వెంకటేశు పక్కన కూర్చుని, వీపు మీద చేయి వేసి విన్నాను. ఎదలో నెమ్ము గరగరా వినిపించింది. ఆ పూటే వార్డులో చేర్చుకున్నాను.

మరియమ్మ కత్తెర సాక్షిగా చెబుతున్నాను: ఈ కట్టెలో ప్రాణం ఉండగా స్టెతస్కోపుకు జానెడు గొట్టం కూడా కలపను. అంతగా వినపడకపోతే నా చెవులనే రోగి దగ్గరికి మోసుకుపోతాను.