తరుగు పోను

కంచం ముందు కూర్చోగానే దామోదర్‌రావు ఒక్క మెతుకు తీస్తాడు. ముందరి పళ్ల మధ్య పెట్టి కొరుకుతాడు. కళ్లు మూసుకుని కొంచెం ఆగుతాడు. "తడి ఉన్నది. తరుగు తియ్యాలె" అంటాడు. ఆ తర్వాతే భోజనం.

సుల్తానాబాద్‌లో ఆయన ఉద్యోగమంతా రైస్‌మిల్లుకు వడ్లు కొనడంలోనే గడిచింది. రైతు తెచ్చిన కుప్పలోంచి ఒక గింజ కొరికి తేమ ఎంతో చెప్పేవాడు. తేమకూ తాలుకూ కలిపి బస్తాకు ఇంత అని బరువులో తగ్గించేవాడు. ఆ తగ్గింపే తరుగు. మిల్లు మానేసి ఏళ్లయింది. తరుగు మానలేదు. వయసు అడిగితే చిన్నప్పుడు జ్వరంతో పడుకున్న రోజులు తీసేసి చెబుతాడు. నిద్రలోంచి కలలు తీసేస్తాడు. పెళ్లయి ఎన్నేళ్లని అడిగితే భార్య లీలాబాయి పుట్టింట్లో ఉన్న రోజులు తీసేస్తాడు.

"మనం మాట్లాడుకోని రోజులు గూడ తియ్యి. ఇగ మిగిలేదేముంటది" అని ఆమె వంటింట్లోంచి అంటుంది.

నేను వాళ్ల మేడ మీద అద్దెకుంటాను. ఇదంతా రోజూ వింటాను.

ఆయన కుడి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేయకపోతే త్వరలోనే మంచం పడతాడని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. ముందు ఎనభై కిలోలకు దిగి రమ్మన్నాడు. అంతదాకా కత్తి పట్టనన్నాడు. దామోదర్‌రావు తమ్ముడి కూతురు ప్రణతి అక్కడే డైటీషియన్. పెదనాన్న రోజుకు ఎన్ని క్యాలరీలు తినాలో ఆమే లెక్క కట్టింది.

దసరా దాకా బరువు దిగింది. తర్వాత అంకె ఎనభై ఆరు దగ్గర ఆగిపోయింది. చలికాలం పోయింది. అంకె పోలేదు. కళ్లద్దాలు, లుంగీ, పొద్దున తాగిన చెంబెడు నీళ్లు తీసేస్తే తాను ఎనభై లోపేనని ఆయన డాక్టరుతో వాదించాడు. డాక్టరు నీళ్ల తరుగు ఒప్పుకోలేదు.

కోపం వచ్చి కొన్నాళ్లు ఇంట్లో మజ్జిగ మీదే బతికాడు. కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. సంగతి తెలిసి ప్రణతి వచ్చింది. కడుపు మాడిస్తే కండ పోతుందని కోప్పడింది. చిన్న కాంటా పెట్టి, ఆయన అన్నం ఎలా తూచుకుంటాడో చూసింది. ఆయన అన్నం తూచి, మెతుకు కొరికి, వచ్చిన బరువులో నాలుగో వంతు తీసేసి మిగిలిందే లెక్కలో వేసుకున్నాడు.

"వండిన అన్నం లెక్కల నీళ్లు గూడ కలిపే ఉంటయి పెద్దబాపు. నువ్వు మళ్ల తీస్తున్నవ్."

"తడి సరుకుకు ఎండు సరుకు లెక్క కడ్తరా బిడ్డా?"

"ఇది కడుపు. మిల్లు కాదు."

ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. ఒళ్లు తేలికైన కొద్దీ దానికి కావలసిన తిండి తగ్గుతుంది. మొదట్లో సరిపోయిన లెక్క ఇప్పుడు ఎక్కువే. అందుకని అప్పుడప్పుడూ దాన్ని కొంచెం సవరించాలి, ఒకేసారి కోసెయ్యకూడదు. ఖాళీ లారీ డీజిల్ తక్కువ తాగుతుంది కదా అన్నాడాయన. ఆ పోలిక ఆయనకే ఎంతో నచ్చింది. వారమంతా వీధిలో అందరికీ చెప్పాడు.

ఒక గరిటె అన్నం తగ్గింది. పప్పూ కూరలూ పెరిగాయి. తరుగు బంద్. మెతుకు కొరకడం ఆగలేదు గానీ, ఆ తర్వాత మాట మింగేవాడు. ఇంత జరిగినా అంకె కదలలేదు.

లీలాబాయి అనుమానం నా మీద పడింది. నేనే మేడ మీద ఆయనకు మిర్చిబజ్జీలు పెడుతున్నానని ఆమె నమ్మకం. ఒకరోజు పైకి వచ్చి గది అంతా వెతికింది. బజ్జీలు దొరకలేదు. నా బిస్కెట్లు పట్టుకుపోయింది.

ఆ ఆదివారం ప్రణతి మళ్లీ వచ్చింది. పొద్దున ఆయన కుంటుతూ నడకకు బయల్దేరాక వెనకాలే వెళ్లింది. నా నిర్దోషిత్వం తేలాలి కాబట్టి నేనూ వెళ్లాను. ఆయన బస్టాండు వెనక ఐలవ్వ రేకుల కొట్టు ముందు ఆగాడు. ఐలవ్వ ఒకప్పుడు అదే మిల్లులో బియ్యం చెరిగేది. ఇప్పుడు పొద్దున పూట సర్వప్పలు చేసి అమ్ముతుంది. గంజు అనే లోతు గిన్నె లోపల బియ్యప్పిండి ఒత్తి, నూనె పోసి, మూత పెట్టి కాల్చే రొట్టె అది. మేం చేరేసరికి దామోదర్‌రావు స్టూలు మీద కూర్చుని పల్లీలు పొదిగిన సర్వప్పలో ఆఖరి ముక్క నములుతున్నాడు.

ప్రణతిని చూసి లేచి వచ్చాడు. ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. దసరా ముంగట జరమొచ్చి ఐలవ్వ నాలుకకు రుచి పోయింది. ఉప్పు తెలుస్తలేదు, కారం తెలుస్తలేదు. ఊరికి తెలిస్తే ఎవలు కొంటరు?"

అప్పటినుంచి మొదటి సర్వప్ప ఆయనది. ఆయన చెప్పిన దాన్ని బట్టి ఐలవ్వ మిగిలిన పిండిలో ఉప్పో కారమో సరిచేస్తుంది.

"ఒక్క తునక తింటే తెల్వదా?"

"కొంచెం విడిచిపెట్టినా బాగలేదనుకుంటది. పిండంత తీస్కపోయి బర్రెల కుడితిల పోస్తది. ఒకనాడు పోసింది."

ఇంటికి వచ్చాక ప్రణతి లెక్క వేసింది. ఆ నూనె, ఆ పల్లీలు కలిపితే ఒక పూట భోజనం. మరి దాన్ని మానేస్తావా అని అడిగింది.

"నా మోకాలు జర ఆగుతది. ఆమె పొయ్యి ఆగద్దు" అన్నాడు దామోదర్‌రావు.

ప్రణతి రాత్రి అన్నం కొట్టేసి, సగం జొన్నరొట్టె, కూర అని చెప్పింది. లీలాబాయి అటక మీంచి పాత గంజు ఒకటి దింపింది. పిల్లల పాలు కాచిన గంజు అది. అడుగు అరచేయంత వెడల్పుంది. తోమి, ఆయన చెప్పుల పక్కన పెట్టింది. నా బిస్కెట్ల గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున దామోదర్‌రావు గంజు చంకలో పెట్టుకుని వెళ్లాడు. ఇక నుంచి తనది అందులో ఒత్తమన్నాడు. ఐలవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పెద్ద గంజుకు పట్టే పిండినంతా అందులోనే పెట్టి ఒత్తింది. సర్వప్ప అరచేతి వెడల్పున, ఇటుక మందాన వచ్చింది. ఆయన దాన్ని మొత్తం తిన్నాడు. చేతులు కడుక్కున్నాడు.

"ఉప్పు మంచిగున్నది ఐలవ్వా. నడుమ ఉడకలే. రేపటిసంది జర పలుచగ ఒత్తు" అన్నాడు.