చెనిక్కాయ చెట్టెక్కిన రైతు

హిందూపురం బస్టాండులో ఉడకబెట్టిన చెనిక్కాయల వాసనకు అందరికీ నోరూరుతుంది, నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై ఏళ్లుగా మండుతూనే ఉంది.

చెన్నేకొత్తపల్లి దగ్గర మా ఊళ్లో వేరుశనగ అన్న మాట బడి పుస్తకంలోనే ఉండేది. మాకది చెనిక్కాయ. పంట చేతికొచ్చే రోజుల్లో ఊరంతా పచ్చిమట్టి వాసన వేసేది. పెద్దవాళ్లు చెట్లు పీకి కుప్పలేస్తుంటే, బడి వదలగానే మేం ఆ కుప్పల చుట్టూ చేరి కాయలు తెంపుతూ, ఒక్కో కాయనూ వేళ్లతో తడిమి లోపల రెండు గింజలా మూడా అని పందెం వేసుకునేవాళ్లం, ఓడితే నెత్తిన మొట్టికాయ. అవ్వ చెత్తాచెదారం మంటేసి పచ్చికాయల్ని చెట్టుతో సహా కాల్చిపెట్టేది, పండగొస్తే ఆ గింజలతోనే బెల్లం పాకంలో ఉండలు చుట్టేది. పువ్వు పైన పూస్తుందనీ, దాన్నించి ఊడ దిగి మట్టిలో దూరి కాయవుతుందనీ మాకెవరూ చెప్పక్కర్లేదు.

నేను పదో తరగతిలో ఉండగా, సరిగ్గా ఆ రోజుల్లోనే, హిందూపురం ప్రైవేటు కాలేజీ ఒకటి మా బళ్లో సైన్సు పరీక్ష పెట్టింది. ఫస్టు వచ్చిన ఒక్కరికి ఇంటర్‌లో సైన్సు సీటు, హాస్టలు, అన్నీ ఉచితం. ప్రశ్నలూ, వాటి జవాబుల కీ అక్కడినుంచే వచ్చాయి. దిద్దేది మా సైన్సు సారు.

ఆఖరి ప్రశ్న ఇది: వేరుశనగ చెట్టెక్కి కాయలు కోస్తున్న రైతు అయిదు మీటర్ల ఎత్తునుంచి జారిపడితే, నేలను తాకేటప్పుడు అతని వేగమెంత?

సెకనుకు పది మీటర్లు. ఫార్ములా నాకు వచ్చు. కానీ రైతంటే నాకు మా నాయనే. ఆయన ఏ చెట్టునుంచి పడ్డాడో తెలియకుండా వేగం ఎలా కట్టాలి? ఇలా రాశాను: "చెట్టు ఎత్తు మూర. కాండం చిటికెన వేలంత. రైతు అరవై కిలోలు. కాలు పెట్టగానే చెట్టు నేలకు అంటుకుంటుంది, రైతు నిలబడే ఉంటాడు. కాయలు నేలకింద ఉన్నాయి కనుక ఎత్తు మైనస్. మైనస్‌కు వర్గమూలం తీస్తే వచ్చే వేగంతో ఎవరూ పడలేరు. రైతు నిజంగా అయిదు మీటర్లు ఎక్కి ఉంటే అది వేరే చెట్టు, ఎక్కింది మబ్బు చూడటానికి."

సున్నా వేశారు. ఆ రెండు మార్కులతోనే సీటు ఇంకొకరికి పోయింది.

మరునాడు నాయన చేలోంచి మట్టితో సహా ఒక చెట్టు పీక్కుని నాతో బడికి వచ్చాడు. దాన్ని సారు టేబులు మీద పెట్టి, "ఎక్కి సూపీ సారూ" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. సారు నవ్వలేదు.

"కీలో పదని ఉండాదప్పా. నేనేం సేసేది? మట్టి తుడిచిపో."

నాయన భుజం మీది తువ్వాలు తీసి టేబులంతా తుడిచాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ టేబులు విరగ్గొట్టనందుకు ఇప్పటికీ నామీద నాకే కోపం.

రోజూ బస్సులో పోయిరాగలిగిన పెనుకొండలో సైన్సు సీట్లు నిండిపోయి, హిస్టరీ మిగిలింది. అదే చదివాను.

పోయిన నెల ధర్మవరంలో చీరల కొట్లో ఆ సారు కనబడ్డాడు. రిటైరయ్యాడు. నన్ను గుర్తుపట్టి, కొట్లో అందరికీ ఆ కథ చెప్పి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "నీ జవాబే రైటమ్మా. ఆ పొద్దే తెలుసు. మాది కొత్తచెరువు, మేమూ చెనిక్కాయ పండించినోళ్లమే గదా!"

"మల్ల మార్కులెందుకు ఏయలేదు సార్?"

"కీ దాటితే నామీదికొస్తాది గదమ్మా" అని చీర మడతలు చూడసాగాడు. తెలియక సున్నా వేసి ఉంటే ఈపాటికి క్షమించేదాన్ని.

మా చేలిప్పుడు ప్లాట్లయ్యాయి. రాళ్లు పాతి నంబర్లు వేశారు. మా పిల్లలు చెనిక్కాయ చెట్టు చూడాలంటే ఫోనులో చూపిస్తున్నాను.

ఆ రోజు బడినుంచి వస్తూ, పుట్టినప్పటినుంచీ చెనిక్కాయ తప్ప వేరే పంట ఎరగని మా నాయన దారిలో ఆగి, "పాపా, సదువుకున్నోల్లు రాసినారంటే అట్లాంటి చెట్టు యాడన్నా ఉండాదేమో. మనమే సూడలేదేమో" అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు కాదన్నా ఆ అనుమానం ఆయన్ను వదల్లేదు. నా జవాబే రైటని సారు కొట్లో అందరి ముందూ చెప్పిన ఆ మాట ఆయనొక్కడికి చెప్పాల్సింది. నాయన పోయి మూడేళ్లయింది.