ఎనిమిదో బోల్టు

దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు పనిచేశాను. దెయ్యం కనిపించిందని వార్త వస్తే ఎవరు చూశారు, పక్కన ఇంకెవరున్నారు అని రెండు ప్రశ్నలు వేసి పక్కన పెట్టేసేవాణ్ణి. ఇప్పటికీ నాకు అలాంటి వాటి మీద నమ్మకం లేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఏడాది పట్టింది.

మా అమ్మాయి లావణ్యకు కొండల మీద సైకిల్ తొక్కడమంటే పిచ్చి. దానివల్ల నాకూ అంటుకుంది. కొండపల్లి కొండల్లో మట్టిదారులున్నాయి. ఫాల్గుణంలో అటు వెళ్లాలంటే ముందురోజే అన్నీ సర్దుకోవాలి. పొద్దున మంచు, పదింటికల్లా మాడ్చేసే ఎండ, ఆ తర్వాత ఎటునుంచో మబ్బుపట్టి జల్లు. ఒక్క పూటలో మూడు కాలాలు.

ఈ సంగతి జరగడానికి ముందు ఏడాది అలాంటి జల్లులోనే లావణ్య దిగుడులో జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ భయం పోలేదు. సైకిలు బాల్కనీలోనే ఉండిపోయింది.

మా సైకిళ్లు చూసేది ఆటోనగర్‌లో మస్తాన్ గారు. లారీల కమాన్‌కట్టలు, అంటే చక్రాల పైనుండే స్ప్రింగు పట్టీలు, బిగించడం ఆయన వృత్తి. సైకిళ్లు మాత్రం ప్రేమకొద్దీ చేసేవారు. ఆయనకో పద్ధతి ఉండేది. సైకిలు ముందుభాగంలో ఎనిమిది బోల్టులు. బిగించిన ప్రతిదాని మీదా, పక్కనున్న ఇనుము మీదికి కూడా వచ్చేలా, గోళ్లరంగుతో సన్నటి ఎర్ర గీత గీసేవారు. బోల్టు వదులైతే గీత తెగి కనిపిస్తుంది. చూపుడువేలు ఎప్పుడో కమాన్‌కట్ట కింద నలగడంతో ఆయన గీత చివర్లో కాస్త వంకర తిరిగేది.

ఏడు ఆయన బిగించి, ముందు బ్రేకును పట్టి ఉంచే ఎనిమిదోది నాకు వదిలేసేవారు.

"మీ అమ్మాయి ఎక్కే బండి సార్. ఒక్కటన్నా మీ చేత్తో బిగించాలి," అనేవారు. నేను పట్టు చాలక అవస్థపడుతుంటే నవ్వేవారు. "పేపర్లో తప్పు పడితే రేపు సవరణ వేస్తారు. దిగుడులో బ్రేకు తప్పితే సవరణ ఎక్కడేస్తారు సార్? ఇంకొంచెం తిప్పండి."

నేను బిగించాక, నన్ను పక్కకు జరగమని, తానోసారి లాగి చూసి, అప్పుడు ఆ చివరి గీత గీసేవారు.

చేతికి కట్టుతో ఉన్న లావణ్యకు ఆయన ఒక మాటిచ్చారు. "మళ్లీ కొండెక్కే రోజు చెప్పమ్మా. బండి నేనే రెడీ చేసిస్తా."

ఆ చలికాలంలో గుండెపోటుతో పోయారు.

ఉగాదికి ముందు వారం లావణ్యే అడిగింది, "నాన్నా, రేపు వెళ్దామా?" అని. ఈసారి వెనక్కి తగ్గితే ఇక ఎప్పటికీ ఎక్కదని నాకు తెలుసు. ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు. నేనే చేస్తానన్నాను.

సాయంత్రం పటమటలోని మా ఫ్లాట్ బాల్కనీలో సైకిలు ముందుభాగం విప్పి, థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడిచాను. మట్టితోపాటు మస్తాన్ గారి గీతలు కూడా పోయాయి. మనసు చివుక్కుమంది. బోల్టులు ఒక్కొక్కటే బిగించుకుంటూ వస్తుంటే, పామర్రులో చెల్లెలింటికి వెళ్లిన మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఇక్కడ గాలివాన దంచేస్తోందండీ. రెయిన్‌కోట్లు పెట్టుకున్నారా? నేను చెప్తే తప్ప మీకు తోచదు."

చేతిలోని రెంచీ కింద పెట్టి రెయిన్‌కోట్లు వెతికాను. తర్వాత ఉప్పు పంచదార కలిపిన నీళ్లు, అదనపు ట్యూబు, ఫోనుకు ప్లాస్టిక్ కవరు. అన్నీ సర్ది, సైకిలు ఫొటో తీసి ఆవిడకు పంపాను.

తెల్లవారాక బాల్కనీ తలుపు తీశాను. మంచుకు సీటు చెమ్మగిల్లి ఉంది. ఏడు బోల్టుల మీద ఎర్ర గీతలున్నాయి. చివర్లో వంకర తిరిగి ఉన్నాయి. ఎనిమిదోది ఖాళీ. చెయ్యి వేస్తే వేళ్లతోనే తిరిగింది. ఫోన్ మాట్లాడి వచ్చాక దాన్ని బిగించడం మర్చిపోయాను.

లావణ్యను పిలిచి అడిగాను. "నా దగ్గర గోళ్లరంగెక్కడిది నాన్నా?" అంది. తర్వాత గీతల్ని దగ్గరగా చూసి, చివర్లోని వంకర మీద వేలు పెట్టింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. మాది మూడో అంతస్తు. బాల్కనీ తలుపుకు లోపలినుంచి గడియ. ఫోనులో ముందురోజు ఫొటో పెద్దది చేసి చూశాను. ఒక్క గీతా లేదు.

అరచెయ్యి నొప్పి పుట్టేదాకా ఆ బోల్టు బిగించాను. ఇవాళ వద్దందామనుకుంటుండగా లావణ్య హెల్మెట్ తీసుకుంది. "పద నాన్నా. బండి రెడీ అయింది కదా."

కొండ దిగుతుండగా జల్లు పట్టుకుంది. ఎర్రమట్టి జారుతోంది. పోయినేడు పడ్డ మలుపే. ముందు వెళ్తున్న లావణ్య బ్రేకు నొక్కింది. బండి జారకుండా నెమ్మదించింది. మలుపు దాటి, కాలు కింద పెట్టి, నావైపు తిరిగి నవ్వింది. ఏడాది తర్వాత చూశాను ఆ నవ్వు.

వారం తర్వాత మస్తాన్ గారి ఇంటికి వెళ్లి ఆయన భార్యకు అంతా చెప్పాను. ఆవిడ పనిముట్ల పెట్టె తెచ్చి గోళ్లరంగు సీసా తీశారు. లోపల రంగు ఎండి పెచ్చుకట్టింది.

"ఆయన పోయాక దీని మూతే తీయలేదు సార్," అన్నారు. సీసాను చేతిలో తిప్పుతూ, "గీత చివర్లో వంకర తిరిగిందా?" అని అడిగారు.

తిరిగిందన్నాను.

"అమ్మాయి బాగానే దిగిందా?"

"దిగిందమ్మా."

ఆవిడ సీసాను జాగ్రత్తగా రెంచీల పక్కన పెట్టి పెట్టె మూసేశారు.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. నేనే గీసి మర్చిపోయానేమోనని కూడా ఆలోచించాను. ఇంట్లో ఆ రంగే లేదు. ఏడు గీతలూ ఇప్పటికీ ఉన్నాయి. ఎనిమిదో బోల్టు మీద మాత్రం గీత పడలేదు. నేనూ గీయలేదు. కొండకు వెళ్లే ముందు ప్రతిసారీ దాన్ని బిగించి, కాసేపు పక్కకు జరిగి నిలబడతాను. ఆయన లాగి చూసుకోవడానికి చోటుండాలి కదా.