దర్వాజకు కట్టిన వేపకొమ్మ

ఫోన్ల రాసుడు నాకు సరిగ్గ రాదు, తప్పులుంటె ఏమనుకోకుండ్రి.

ఇయ్యాల పోచమ్మ బోనమని, మిల్లు పనికి వలసొచ్చిన ఈ వడోద్‌ల మా ఇంటి దర్వాజకు వేపకొమ్మలు గట్టిన. జరసేపటికే మునిసిపాలిటీ వాళ్లొచ్చి కరోనా టెస్టు జేసిండ్రు. ఏం లేదని తేలింది. వాళ్లకు ఫోన్ జేసింది పక్కింటి గుజరాతీ ఆయన, కాంతిభాయ్. ఇద్దరం ఒక్క మిల్లులనే ముసలోళ్లమైనం, రోజూ ఆయన అరుగు మీదనే చాయ్ తాగుతం, ఆయన భాష మాత్రం నాకు సగమే సమజైతది. వాళ్ల దిక్కు ఇంట్ల రోగమొస్తేనే వేప గడ్తరట, మా ఇంట్ల గూడ గదే అనుకున్నడట.

"జర నన్నే అడిగితే ఏమైతుండె భాయ్?" అన్న, వచ్చీరాని హిందీల.

"ఏమడిగినా తలకాయ ఊపుతవ్. నిన్నేం అడగాలె?" అన్నడు, తన గడప దాటకుండనే.

సాయంత్రం మళ్ల చాయ్‌కి పిలిచిండు. పోలె. మాటలు లేకున్నా గా అరుగు మీద అన్నీ చెప్పుకున్నమనే అనుకున్న ఇన్నేండ్లు.

రేపు పిలిస్తే పోవాల్నా, వద్దా? జర జల్ది చెప్పుండ్రి.