అక్క రాసిన అనామతు ఖాతా

నా చిన్నతనంలో మేము భావనపాడులో ఉండేవాళ్లం. నాన్న చేపలు ఎండబెట్టి సంతలకు పంపేవాడు. మా పక్కింటి అక్క టెక్కలి కాలేజీలో బీకాం చదువుతుండేది. వేటకు వెళ్లే ఇళ్లలో డిగ్రీ దాకా వెళ్లిన ఆడపిల్ల మా వీధికంతటికీ ఆమె ఒక్కతే. అయితే అకౌంట్సు పేపరు అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే చదువు మాన్పించేస్తానని, తల్లితో పాటు చేపల గంప ఎత్తుకోవాల్సిందేనని వాళ్ల నాన్న తేల్చేశాడు.

సాయంత్రాలు అక్క మా అరుగు మీద కూర్చుని పైకి చదివేది. వినడానికి ఎదురుగా ఎవరో ఒకరు ఉంటే తప్ప ఆమెకు బుర్రకెక్కేది కాదు. అందుకని నన్ను కూర్చోబెట్టేది. వచ్చేది డెబిట్, పోయేది క్రెడిట్ అని ఆమె అంటుంటే నేను తల ఊపేదాన్ని. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అంత పెద్ద చదువు నాకు చెబుతోందని గర్వంగా ఉండేది.

ఆ ఏడు నేను ఆరో తరగతి. లెక్కల్లో నూటికి పదహారు వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు ఇంటికి తెస్తూ దారిలో ఆగి, ఒకటి అంకె మీద చిన్న గీత పెట్టి ఏడు చేశాను. డెబ్బై ఆరు చూసి నాన్న మురిసిపోయాడు. సంతకం పెట్టి, వీధిలో నలుగురికీ చెప్పుకుని, మర్నాడు నాకు కొత్త చెప్పులు తెచ్చాడు. అవి వేసుకోబుద్ధి కాక గడప పక్కనే వదిలేసి ఉత్త కాళ్లతో తిరిగాను. సోమవారం కార్డు తిరిగి ఇవ్వాలి. టీచరు చూసిందంటే పట్టేస్తుంది. అన్నం సయించడం మానేసింది.

శనివారం మధ్యాహ్నం అక్కకు అకౌంట్సు పరీక్ష. ఒంటిపూట బడులు కావడంతో వాళ్లమ్మ నన్ను తోడు పంపింది. నౌపడ ఉప్పు మడుల పక్కగా బస్సు వెళ్తున్నంతసేపూ అక్క పెదాలు కదుపుతూనే ఉంది. ఆమె లోపలికి వెళ్లాక మూడు గంటలు వరండాలో కూర్చున్నాను.

బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. చివరి పెద్ద లెక్కలో ఆస్తులు ఒక పక్క, అప్పులు ఒక పక్క రాసి కూడితే రెండూ సమానం కావాలట. ఆమెకు నాలుగు వందలు తేడా వచ్చిందట. ఎంత వెతికినా తప్పెక్కడో దొరకలేదు. ఏదో ఒక అంకె పెంచేస్తే రెండు పక్కలూ కలిసిపోతాయి. దానికి అక్కకు చెయ్యి రాలేదు. తేడాను తేడాగానే చూపించి, ఎదురుగా 'అనామతు ఖాతా' అని రాసి వచ్చేసింది. తప్పు దొరికేదాకా తేడాను అందరికీ కనబడేలా ఉంచే చోటుకు ఆ పేరట.

గేటు దగ్గర వాళ్ల అకౌంట్సు మాస్టారు ఎదురయ్యారు. అక్క తల వంచుకుని జరిగినదంతా చెప్పింది. ఆయన తాపీగా విన్నారు.

"మంచి పని చేసినావమ్మా. తప్పు దొరక్కపోతే దొరకలేదని రాయాలి గానీ, దాన్ని మాయం చెయ్యకూడదు. నువ్వు సరిగ్గా చేసిన పనికి మార్కులు ఎక్కడికీ పోవు" అన్నారు.

అక్క పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పొద్దున్నించీ ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టు వేరుశనక్కాయలు కొనుక్కుంది. నా చేతిలో కొన్ని పోసింది. నాకు దిగలేదు.

"ఏటే, అలగున్నావు?" అంది.

"నాను మార్కులు దిద్దీసినానక్కా" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

ఆమె తిట్టలేదు. మొత్తం చెప్పించుకుంది. "టీచరు సెప్పకముందే మీ నాన్నకి నువ్వు సెప్పీ. నాను పక్కనుంతాను" అంది.

మేము ఊళ్లో దిగేసరికి నాన్న ఇసుక మీది ఎండు చేపలు గంపలోకి ఎత్తుతున్నాడు. అక్క నా చెయ్యి వదల్లేదు. నేను చెప్పడం అయిపోయాక ఆయన గంప కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"పదారొత్తే పదారని సెప్పాల గుంటా. నాను నిన్ను ఇంట్లోంచి తరిమీత్తానా?"

ఆ సాయంత్రం, డెబ్బై ఆరని చెప్పుకున్న ఆ నలుగురి దగ్గరికీ నాన్నే మళ్లీ వెళ్లి పదహారని చెప్పి వచ్చాడు. నన్ను కొట్టినా నాకు అంత తగిలేది కాదు. సోమవారం నాతో పాటు బడికి వచ్చాడు. టీచరు అంకె సరిచేసి నన్ను గంటసేపు నిలబెట్టింది. నాన్న రెండోసారి సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

అక్క ఆ పేపరు పాసయ్యింది. వాళ్ల నాన్న వచ్చే ఏడు ఫీజు ఎప్పుడు కట్టాలని అడిగాడట. తర్వాత ఆమె పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంటెంటుగా చేరింది.

నేను నర్సునయ్యాను. కొత్తలో ఒకసారి ఒకరికివ్వాల్సిన ఇంజెక్షను పక్క మంచం ఆవిడకు ఇచ్చేశాను. ఎవరూ చూడలేదు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, నేరుగా డాక్టరు గారి దగ్గరికి వెళ్లి చెప్పేశాను. ఆయన పరుగున వచ్చి చూశారు. మూడో రోజున ఆవిడ నడిచి ఇంటికి వెళ్లింది. నాకు మెమో వచ్చింది, తీసుకున్నాను.

ఇప్పుడు రిటైరయ్యాను. పొరపాటు చేశానని తెలిసిన క్షణాన గుండె జారడం ఈ వయసులోనూ మానలేదు. కాకపోతే, చెప్పేశాక ఊపిరి ఎంత తేలిగ్గా ఆడుతుందో నాకు పదకొండో ఏటనే తెలిసింది.